ఆట కూడా అమానతే

జూన్ నెల సమీపిస్తోంది. బాన్సువాడ పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ మూడేళ్లు నిండిన బిడ్డ ఉన్న ప్రతి ఇంటా ఇప్పుడు ఒకే చర్చ. పిల్లవాణ్ణి ఏ బడిలో చేర్చాలి? బస్సు ఇంటి ముందుకు వస్తుందా? ఆంగ్ల మాధ్యమమేనా? ఫీజు ఎన్ని వాయిదాల్లో కట్టవచ్చు? హోంవర్కు బాగా ఇస్తారా? గల్ఫులో ఉన్న తండ్రి ఫోనులో ఈ ప్రశ్నలే అడుగుతాడు. ఇక్కడ ఉన్న తల్లి నాలుగు బడులు తిరిగి వీటికే సమాధానాలు తెస్తుంది. ఈ ప్రశ్నలన్నీ అవసరమైనవే. కాని వీటి నడుమ ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినిపించదు. అక్కడ మన బిడ్డ ఆడుకుంటాడా?

అడిగితే నవ్వుతారేమోనని సంకోచం. వేలకు వేలు పోసి బడికి పంపేది ఆటలకా అని ఇంట్లో పెద్దలే అంటారు. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ ప్రశ్ననే పాఠకుల ముందు ఉంచదలిచాము. మూడు నుంచి ఆరేళ్ల వయస్సులో ఆటే చదువు అనీ, ఆ చదువును ఒక వీధిలోని పది కుటుంబాలు కలిసి తామే నడుపుకోవచ్చు అనీ చెప్పడమే మా ఉద్దేశం.

దైవప్రవక్త (స) సన్నిధిలో పిల్లలు

సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ప్రతి వ్యక్తీ ఒక కాపరి అనీ, తన ఆధీనంలో ఉన్నవారిని గురించి అతణ్ణి ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన హదీసు మనందరికీ తెలిసినదే. అయితే ఆ అమానతును ఆయన స్వయంగా ఎలా నిర్వర్తించారో ఒకసారి చూద్దాం.

ఒకనాడు ఆయన సామూహిక నమాజు చేయిస్తూ సజ్దాలో చాలాసేపు ఉండిపోయారు. ఏమైందోనని సహాబీలు కలత చెందారు. నమాజు ముగిసిన తర్వాత తెలిసింది, మనుమడు వీపుపైకి ఎక్కాడనీ, వాడి ముచ్చట తీరకముందే వాణ్ణి దించివేయడం ఆయనకు ఇష్టం లేకపోయిందనీ. ఈ సంఘటన నసాయీ హదీసు గ్రంథంలో ఉంది. నమాజును మించిన పని విశ్వాసికి ఏముంటుంది? అలాంటి నమాజులోనే ఒక పసివాడి ఆటకు చోటు లభించింది.

హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఆ పిట్ట చనిపోతే వాడు దిగులుపడ్డాడు. దైవప్రవక్త (స) ఆ పసివాణ్ణి పెద్దవారిని పిలిచినట్లు గౌరవనామంతో పలకరించి, పిట్ట సంగతి అడిగి ఊరడించారు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారు. ఆయన ఇంట్లోకి రాగానే ఆమె స్నేహితురాళ్లు బెదిరి చాటుకు వెళ్లేవారు. ఆయనే వారిని మళ్లీ ఆమె వద్దకు పంపి ఆట సాగనిచ్చేవారు. ఈ రెండూ బుఖారీలో నమోదైన విషయాలు.

మరొక సంఘటన ముస్లిం గ్రంథంలో ఉంది. బాలుడైన అనస్‌ను (రజి) ఏదో పని మీద పంపితే, దారిలో బజారులో ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆయన ఆగిపోయారు. దైవప్రవక్త (స) వెనుక నుంచి వచ్చి మెడ పట్టుకున్నారు. బాలుడు తిరిగి చూస్తే ఆయన ముఖం నిండా నవ్వు! పని గుర్తు చేశారు తప్ప కసురుకోలేదు. పదేళ్లు సేవ చేసిన అనస్ (రజి) తనపై ఆయన ఏనాడూ విసుక్కోలేదని తరువాత సాక్ష్యమిచ్చారు.

ఇక్కడ ఇంకొక విషయం గమనించాలి. పిల్లలకు నమాజు చేయమని ఆదేశించవలసిన వయస్సుగా హదీసు ఏడేళ్లను పేర్కొంది. ధర్మానికి మూలస్తంభమైన నమాజునే ఏడేళ్ల లోపు బిడ్డ నుంచి ఆదేశ రూపంలో కోరలేదు. ఆ వయస్సులో వాడు పెద్దల పక్కన నిలబడి, చూసి, అనుకరించి నేర్చుకుంటాడు. అలాంటప్పుడు మూడేళ్ల బిడ్డ ఆంగ్ల అక్షరాలు గీతలో కూర్చునేట్టు రాయలేదని బెత్తం చూపడానికి మనకు ఏ ఆధారం ఉంది?

మన పెద్దలకూ ఈ వివేకం ఉండేది. దక్కను ముస్లిం కుటుంబాల్లో బిస్మిల్లా వేడుక అంటే నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజుల ముచ్చట. అది ధర్మవిధి కాదు, ఆచారం మాత్రమే. కాని అందులో ఒక లెక్క ఉంది. తొలి అక్షరం దిద్దించడానికే వారు నాలుగేళ్లు దాటేదాకా ఆగారు. మనం ఇప్పుడు రెండున్నరేళ్లకే నర్సరీ సంచి తగిలిస్తున్నాము. క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ సైతం, ఆట లేకుండా ఎప్పుడూ చదువు మీదనే కూర్చోబెడితే బాలుడి హృదయం మొద్దుబారుతుందనీ, తెలివి మందగిస్తుందనీ హెచ్చరించారు. పద్నాల్గవ శతాబ్దంలో ఇబ్ను ఖల్దూన్ తన ముఖద్దిమాలో, విద్యార్థులపై, ముఖ్యంగా పసిపిల్లలపై కాఠిన్యం చూపితే వారిలో ఉత్సాహం చచ్చి, అబద్ధమూ కపటమూ అలవడతాయని వివరించారు.

ఆటలో జరిగే చదువు

ఆట అంటే కాలక్షేపమనే భావన మనలో నాటుకుపోయింది. ఒక మూడున్నరేళ్ల పాప ముందు బియ్యం పోసిన తట్ట, ఒక సోల, ఒక తవ్వ, ఒక మానిక పెట్టి చూడండి. ఆమె పోస్తుంది, ఒలకబోస్తుంది, మళ్లీ నింపుతుంది. కొన్ని రోజులకు రెండు సోలలు పోస్తే తవ్వ నిండుతుందనీ, రెండు తవ్వలు పోస్తే మానిక నిండుతుందనీ తనంతట తానే కనుగొంటుంది. అది గణితమే. ‘డబుల్’ అనే మాట పుస్తకంలో ఎదురైనప్పుడు ఆమె చేతులకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

ఆ పోతలోనే మరొక పని జరుగుతుంది. పెన్సిలు పట్టడానికి వేళ్లలోని చిన్న కండరాలు బలపడాలి, మణికట్టు కుదురుకోవాలి, చెయ్యీ కన్నూ ఒకదానితో ఒకటి కలిసి నడవాలి. ఇవి మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, చపాతీ పిండి ఉండలు చేయడం, కాగితం చింపి అతికించడం ద్వారా వస్తాయి. ఇవేవీ లేకుండా మూడేళ్ల వేళ్ల మధ్య పెన్సిలు ఇరికించి పేజీలు నింపించడం పునాది లేకుండా గోడ కట్టడమే.

ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి దుకాణం ఆడుతున్నారనుకోండి. ఒకడు కిరాణా సేఠు, ఒకరు గిరాకీ, మరొకరు తక్కెడ పట్టే మనిషి. ఎవరు ఏమవ్వాలో ముందు మాట్లాడుకుంటారు, తగవు పడతారు, రాజీ పడతారు. గిరాకీ అయినవాడు తన వంతు వచ్చేదాకా నిలబడతాడు. ఇంట్లో క్షణం నిలవని పిల్లవాడు అక్కడ ఎందుకు నిలబడ్డాడు? ఆటలో తాను ఎంచుకున్న వేషానికి ఒక నియమం ఉంది కాబట్టి. రష్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లెవ్ వైగోత్స్కీ 1933లో చేసిన ఒక ప్రసంగంలో ఈ సంగతినే విశ్లేషించాడు. కల్పనతో కూడిన ఆటలో పిల్లలు తమ వయస్సుకు మించిన నిగ్రహాన్ని చూపుతారని ఆయన ప్రతిపాదన. నిగ్రహం, ఓర్పు, ఎదుటివారి కోణం నుంచి ఆలోచించడం – మనం తర్బియత్ అని పిలిచేది ఇదే కదా!

భాష సంగతి కూడా ఉంది. మన ఇళ్లలో చాలా చోట్ల అమ్మీతో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఆంగ్లం. మూడేళ్ల బిడ్డ ఆట మధ్యలో ఈ భాషల మధ్య అలవోకగా దాటుతాడు. అదే బిడ్డను తనకు అర్థం కాని భాషలో చేతులు కట్టుకుని కూర్చోమంటే మాట్లాడడమే మానేస్తాడు. మాట్లాడని పిల్లవాణ్ణి మనం బుద్ధిమంతుడని మెచ్చుకుంటాము. వాస్తవానికి వాడిలో ఊట ఎండిపోతోంది.

ఇది మన వారికి కొత్త కాదు

ఆటలతో చదువు అనేది పాశ్చాత్యుల నుంచి నేడు దిగుమతి అయిన వింత అని కొందరి అనుమానం. జామియా మిల్లియా ఇస్లామియా చరిత్ర తెలిస్తే ఈ అనుమానం తొలగిపోతుంది. హైదరాబాదులో 1897లో జన్మించి, తరువాత భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1926 నుంచి 1948 వరకు జామియాకు సారథ్యం వహించారు. బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేసి వచ్చిన ఆ పండితుడు పసిపిల్లల కోసం ఉర్దూలో కథలు రాశారు. ఆ కాలంలో జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లలే దుకాణం, బ్యాంకు నడుపుతూ లెక్కలు నేర్చుకునేవారు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ పాఠ్యప్రణాళికను రూపొందించిన సంఘానికి అధ్యక్షులు కూడా జాకిర్ హుస్సేన్ గారే.

ఆ పాఠశాలలో చిన్నపిల్లల ఆలనా పాలనకు తన జీవితాన్ని అంకితం చేసిన గెర్డా ఫిలిప్స్‌బార్న్ జర్మనీ నుంచి వచ్చిన యూదు మహిళ. జామియాలో అందరూ ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. 1943లో ఆమె కన్నుమూశారు. జామియాలోని శిశు సంరక్షణ కేంద్రం నేటికీ ఆమె పేరుతో ఉంది. ఒక ముస్లిం విద్యాసంస్థ, ఒక యూదు ఉపాధ్యాయిని, ఆడుతూ నేర్చుకునే పిల్లలు – ఈ వారసత్వం మనదే.

నేటి ప్రభుత్వ విధానం కూడా ఈ దిశలోనే ఉంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న దశను పునాది దశగా గుర్తించింది. 2022 అక్టోబరులో విడుదలైన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటను బోధనకు కేంద్రంగా నిలిపింది. 2023లో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల వంటి సామగ్రితో ‘జాదుయీ పిటారా’ అనే పెట్టెను విడుదల చేశారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టరాదని నిషేధించింది. పిల్లలను కొట్టడాన్నీ నిషేధించింది. కాగితం మీద ఇంత ఉన్నా మన వీధిలోని నర్సరీ తరగతిలో నాలుగు గీతల పుస్తకమే రాజ్యమేలడానికి ఒక కారణం మనమే. తల్లిదండ్రులు రాతపుస్తకం చూసి ఫీజు కడతారని బడి నడిపేవారికి బాగా తెలుసు.

తల్లిదండ్రులే నడిపే బడి

తల్లిదండ్రులు వంతులవారీగా నడుపుకునే శిశు పాఠశాలల చరిత్ర నూరేళ్లు దాటింది. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసే అధ్యాపకుల భార్యలు 1916లో తమ పిల్లల కోసం అలాంటి సహకార శిశుశాలను ప్రారంభించారు. అంతకంటే మన పరిస్థితికి దగ్గరైన ఉదాహరణ న్యూజిలాండ్‌ది. 1941లో భర్తలు యుద్ధానికి వెళ్లి, తల్లులు ఒంటరిగా పిల్లలను పెంచుకుంటున్న కాలంలో వెల్లింగ్టన్ నగరంలో ‘ప్లేసెంటర్’ ఉద్యమం మొదలైంది. తల్లులు కొంత శిక్షణ పొంది, వంతులు వేసుకుని పిల్లల ఆటను తామే నిర్వహించుకున్నారు. పిల్లలకు తోటివారు దొరికారు, తల్లులకు కొంత విశ్రాంతీ తోడూ దొరికాయి. ఆ కేంద్రాలు నేటికీ దేశమంతటా నడుస్తున్నాయి.

మన ప్రాంతంలో భర్తలు యుద్ధానికి వెళ్లలేదు, దుబాయికీ సౌదీకీ వెళ్లారు. ఇంటి భారం, పిల్లల భారం, అత్తమామల భారం ఒకే స్త్రీ భుజాల మీద ఉండడం మాత్రం అదే విధంగా ఉంది.

మరీ దూరం పోనవసరం లేదు. బాన్సువాడ ఏ లోక్‌సభ నియోజకవర్గంలో ఉందో ఆ జహీరాబాద్ ప్రాంతంలోనే, 1983లో ఏర్పడిన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు తమ పల్లెల్లో బాల్వాడీలు నడిపాయి. పొలం పనికి పోయే పేద మహిళలే తమ పిల్లల కోసం ఆ ఏర్పాటు చేసుకున్నారు. అక్షరం రాని తల్లి కూడా బడి నడపడంలో భాగస్వామి కాగలదనడానికి ఆ సంఘాలు నిదర్శనం.

దివ్యఖుర్ఆన్‌లో దీనికి మూలం ఉంది. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకుంటారని అష్షూరా అధ్యాయం పేర్కొంది. ఇంకా ఆశ్చర్యకరమైన విషయం అల్‌బఖరా అధ్యాయం 233వ ఆయతులో ఉంది. పాలు మాన్పించడమనే చిన్న విషయంలో కూడా తల్లీ తండ్రీ ఇద్దరూ సంప్రదించుకుని, ఇష్టపూర్వకంగా నిర్ణయించుకోవాలని ఆ ఆయతు సూచిస్తుంది. పాలు మాన్పించడానికే మష్వరా అవసరమైతే, ఆ బిడ్డ బుద్ధి వికసించే మూడేళ్ల కాలాన్ని మష్వరా లేకుండా ఒక రసీదు పుస్తకానికి అప్పగించడం న్యాయమా?

ఒక వీధి, పది కుటుంబాలు

ఇక ఆచరణ సంగతి. ఒకే వీధిలో, పిల్లలను నడిపించుకుని రాగల దూరంలో, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలున్న పది కుటుంబాలు కలిశాయనుకుందాం. పన్నెండు నుంచి పదిహేను మంది పిల్లలు ఉంటారు. వారానికి అయిదు రోజులు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకు. రోజుకు ఇద్దరు పెద్దలు ఉండాలి. అంటే వారానికి పది వంతులు. పది కుటుంబాలకు తలా ఒక వంతు. ఒక కుటుంబం వారంలో ఒక్క ఉదయం ఇస్తే సరిపోతుంది.

బీడీలు చుట్టి కుటుంబాన్ని పోషించే తల్లి ఈ లెక్కను జాగ్రత్తగా చూడాలి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో వేలాది స్త్రీల జీవనాధారం ఆ బీడీల చాటే. ఒక ఉదయం వంతుకు వెళితే అంత కూలి పోతుందన్నది నిజమే. కాని మిగిలిన నాలుగు ఉదయాలు ఆమెకు నిరాటంకంగా దొరుకుతాయి. అంతకంటే ముఖ్యం, ఆ సమయమంతా బిడ్డ తంబాకు దుమ్ము పక్కన కూర్చోకుండా నలుగురు పిల్లల మధ్య గాలి ఆడే చోట ఉంటాడు.

స్థలానికి ఒక ఇంటి వరండా, నీడ ఉన్న వాకిలి చాలు. మస్జిద్ కమిటీ ఉదయం ఖాళీగా ఉండే మక్తబ్ గదిని ఇస్తే మరీ మంచిది. సామగ్రికి పెద్ద ఖర్చు లేదు. జల్లెడ పట్టిన ఇసుక, బంకమట్టి, కొలపాత్రలు, వడ్రంగి వద్ద మిగిలిన చెక్క ముక్కలను నునుపు చేయించినవి, పాత దుపట్టాలు, ఖాళీ డబ్బాలు, కొన్ని బొమ్మల పుస్తకాలు. నానీ, దాదీల దగ్గర ఉన్న ఆటల నిధి వేరే ఉంది. దాగుడుమూతలు, తొక్కుడుబిళ్ల, అచ్చనగాయలు, ఓమనగుంటలు, గుడ్డపేలికలతో చేసిన గుడియా – వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పాఠమే.

రోజును మూడు భాగాలు చేసుకోవచ్చు. మొదట సలాములు, ఒక చిన్న దుఆ, అందరూ కలిసి కూర్చుని నిన్నటి ముచ్చట్లు. తరువాత కనీసం గంటసేపు పిల్లలు తమకు నచ్చిన ఆట. చివర చేతులు కడుక్కుని అల్పాహారం, ఒక కథ, ఎవరి వస్తువులు వారు సర్దడం. కథకు ప్రవక్తల గాథలు ఉన్నాయి, పంచతంత్ర జంతువులు ఉన్నాయి, నిజాంసాగర్ కాలువ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే కథ ఉంది. కుడిచేత్తో తినడం, బిస్మిల్లా అనడం, తన ముందున్నదే తీసుకోవడం, పక్కవాడికి పంచడం – ఆ అల్పాహార సమయమే అదబ్ పాఠం.

వంతులో ఉన్న పెద్దలకు అన్నింటికంటే కష్టమైన పని ఊరుకోవడం. పిల్లవాడు చెక్క ముక్కల మేడ వంకరగా కడుతుంటే మన చెయ్యి ఆగదు. ఆగాలి. అది పడిపోయాక ఎందుకు పడిందని వాడే ఆలోచిస్తాడు. అడగదలిస్తే ‘ఈసారి కింద ఏ ముక్క పెడతావు?’ అని అడిగితే చాలు. బొమ్మ కోసం ఇద్దరు కొట్టుకుంటే గుంజుకుని తీర్పు చెప్పకుండా ఇద్దరి మాటా వినాలి. తన బిడ్డ అని వెనకేసుకు రావడం, తన బిడ్డ అని అందరి ముందూ ఎక్కువగా దండించడం, రెండూ అన్యాయమే.

కొన్ని నియమాలు మొదటే రాసుకోవాలి. ఎవరి బిడ్డనైనా ఎవరూ కొట్టరాదు. భయపెట్టే మాటలు, శాపనార్థాలు, రంగూ రూపాన్ని ఎత్తిచూపే పేర్లు వద్దు. ఆ రెండున్నర గంటలు ఫోను తెర పిల్లల కంట పడరాదు. గొంతులో ఇరుక్కునే చింతగింజలు, పూసల వంటివి ఇంకా నోట్లో పెట్టుకునే చిన్నారులకు అందరాదు. నీటి సంపుకు మూత ఉండాలి, గేటుకు గడియ ఉండాలి, కాలువ వైపు పిల్లలను తీసుకుపోరాదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, ఒక్కరే ఒంటరిగా పిల్లలతో ఉండరాదు. బిడ్డను ఎవరు తీసుకుపోవచ్చో రాసిపెట్టుకోవాలి. జమాఖర్చుల పుస్తకం అందరికీ తెరిచి ఉండాలి. వారానికి ఒకసారి మష్వరాకు కూర్చోవాలి. ఏర్పాటు నిలదొక్కుకున్నాక, కావాలనుకుంటే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పది మంది ఉంటే ఆ చట్టం కింద సంఘం ఏర్పడుతుంది.

అంగన్‌వాడీని మరువరాదు

ఈ ఏర్పాటు అంగన్‌వాడీకి పోటీ కారాదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా నేడు తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో పూర్వ ప్రాథమిక విద్య అందించడం వాటి బాధ్యతల్లో ఒకటి. మనలో చాలామందికి అంగన్‌వాడీ అంటే గుడ్లు, బాలామృతం మాత్రమే గుర్తుకొస్తాయి. సంచి పట్టుకుని వెళ్లి రేషను తెచ్చుకుంటాము, బిడ్డను మాత్రం అక్కడ కూర్చోబెట్టము. తల్లులు రాని చోట ఒక్క టీచరు, ఒక్క ఆయా రిజిస్టర్ల భారం మోస్తూ ఏపాటి ఆట ఆడించగలరు? మీ వీధిలో మంచి అంగన్‌వాడీ ఉంటే పది కుటుంబాలూ అక్కడికే వెళ్లి, టీచరుతో మాట్లాడి, వంతులవారీగా ఆమెకు తోడ్పడవచ్చు. కథ చెప్పే ఒక దాదీ, మట్టిబొమ్మలు చేయించే ఒక తల్లి వారానికి ఒక్కరోజు వెళ్లినా ఆ కేంద్రం రూపురేఖలు మారిపోతాయి.

కొన్ని సందేహాలు

మా బిడ్డ వెనుకబడిపోడా? ఈ భయం ప్రతి తల్లికీ ఉంటుంది. అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో 1962 నుంచి 1967 వరకు 123 మంది పేద నల్లజాతి పిల్లలతో పెర్రీ శిశుశాల అనే ఒక ప్రయోగం జరిగింది. వారిలో కొందరికి శిశుశాల విద్య లభించింది, మిగిలినవారికి లభించలేదు. పిల్లలే తమ పనిని ఎంచుకోవడం, చేయడం, దాన్ని గురించి మాట్లాడడం ఆ విద్యా పద్ధతి. ఉపాధ్యాయులు వారం వారం ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేవారు. నలభై ఏళ్ల వయస్సు వరకు వారందరినీ పరిశీలిస్తే, శిశుశాలకు వెళ్లినవారిలోనే ఉన్నత పాఠశాల పూర్తిచేసినవారు, మంచి సంపాదన ఉన్నవారు ఎక్కువగా, అరెస్టులు తక్కువగా కనిపించాయి. తల్లిని కలుపుకుపోయిన చదువు అంత దూరం నిలిచింది. ఆరేళ్లకు ఒకటో తరగతిలో చేరే బిడ్డకు కావలసినవి వినడం, అడగడం, పట్టు వదలకుండా ప్రయత్నించడం. అవి ఉన్నవాడికి అక్షరాలు రావడం ఎంతసేపు?

మగవారి పాత్ర ఏమిటి? దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. వంతు అంటే తల్లి వంతు మాత్రమే అని ఎక్కడా లేదు. ఊళ్లో ఉన్న తండ్రి, తాత తమ వంతు తీసుకోవాలి. గల్ఫులో ఉన్న తండ్రి ఒక కథను తన గొంతుతో చెప్పి పంపవచ్చు. ఫోను చేసినప్పుడు ‘ఏబీసీడీ చెప్పు’ అనడానికి బదులు ‘ఇవాళ ఏమి ఆడావు?’ అని అడగవచ్చు. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే సమాధానం పది నిమిషాలు సాగుతుంది.

పక్కింటి హిందూ కుటుంబం చేరతానంటే? సంతోషంగా చేర్చుకోవాలి. పొరుగువారి హక్కును మన ధర్మం ఎంతగా నొక్కి చెప్పిందో పాఠకులకు వివరించనవసరం లేదు. మన దుఆ మనం నేర్పుకుంటాము, వారి బిడ్డపై రుద్దము. ఒకే ఇసుకలో ఆడుకున్న పిల్లలు పెద్దయ్యాక ఒకరినొకరు అనుమానంతో చూసుకోరు. నేటి రోజుల్లో ఇది చిన్న లాభం కాదు.

పెద్ద పిల్లల ముందు మూడేళ్ల కాలం కొంచెంగానే కనబడవచ్చు. కాని ఆ వయస్సు మళ్లీ రాదు. ఫీజు ఆలస్యమైతే జరిమానాతో కట్టవచ్చు, బాల్యాన్ని ఆ విధంగా కట్టలేము. కాబట్టి సోదర సోదరీమణులారా, జూన్ రాకముందే ఒక పని చేయండి. వచ్చే జుమా నమాజు తరువాత మీ వీధిలో చిన్న పిల్లలున్న నాలుగు ఇళ్లవారు, ఆడవారూ మగవారూ, ఒక వాకిట్లో కూర్చోండి. పది మంది దొరకకపోతే నలుగురితోనే వారానికి రెండు ఉదయాలు మొదలుపెట్టండి. పిల్లలను కూడా వెంట తెచ్చుకోండి. మీరు మాట్లాడుకుంటున్నంతసేపూ వారు ఏమి ఆడుతున్నారో ఒక కంట కనిపెట్టండి. ఏ సామగ్రి కొనాలో, ఏ ఆటతో ఆరంభించాలో వారే మీకు చూపిస్తారు. అల్లాహ్ మనకు అప్పగించిన ఈ అమానతును ఓర్పుతో, కలిసికట్టుగా నిర్వర్తించే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.